నాణెమూ – దాని నెలవూ

మా తగరపువలస పేరులోనే ఒక లోహం ఉన్నది. గోస్తనీ నది ఒడ్డున, కలకత్తా నుండి మద్రాసుకు పోయే రాజమార్గం మీద నిలిచిన ఊరు ఇది. నది వెంట ఆగ్నేయంగా కొద్ది మైళ్ళు నడిస్తే, ఆ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్టణం రేవు కనిపిస్తుంది. పదిహేడవ శతాబ్దంలో డచ్చి వర్తకులు అక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. 1825లో ఆ రేవు ఆంగ్లేయుల వశమైనది. మా ఊరికి పడమటి దిక్కున పద్మనాభం కొండ. 1794 జూలై 10న విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగిన రణరంగం అదే. సముద్రతీరం వెంట విశాఖపట్టణం వైపు పోతే పావురాలకొండ, తొట్లకొండ, బావికొండ. రెండు వేల సంవత్సరాల నాటి బౌద్ధారామాల శిథిలాలు.

ఇటువంటి నేలలో పునాది తవ్వినా, బావి పూడిక తీసినా, పాత గోడ పడగొట్టినా ఒక్కొక్కప్పుడు కాసులు బయటపడడం వింత కాదు. అట్లా దొరికిన కాసును ఏమి చేయవలెనన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు నేను ఒకప్పుడు తప్పు జవాబు చెప్పినాను. ఆ తప్పును ముందుగా ఒప్పుకొని, తరువాత విషయంలోకి వెళతాను.

సుమారు ఇరవై ఏళ్ళ కిందటి మాట. నేను ఇంటర్మీడియెట్ చదువుతున్న రోజులు. మా తాతల నాటి పెంకుటింటిని విప్పి కొత్త ఇల్లు కట్టుకోవాలని పెద్దలు నిశ్చయించినారు. వెనుకటి వంటగది గోడ కింద తవ్వుతూ ఉండగా కూలివాని గునపానికి ఏదో తగిలి పెటిల్లుమన్నది. చూస్తే పగిలిన మట్టి ముంత. లోపల చిలుము పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయిన రాగి కాసులు. క్షణాలలో వీధి వీధంతా వచ్చి చేరినది. లంకెబిందెలు దొరికినవని ఒకరు, ఇంకా లోతుకు తవ్వండని మరొకరు. మా దాదీ మాత్రం, “ఎవరి కష్టార్జితమో, ఏ ఆపదలో దాచుకున్నారో, దాన్ని నవ్వులాట చేయకండి బేటా” అన్నది.

బంగారం కాదని తెలియగానే చేరిన జనం ఉత్సాహం చల్లారినది. మరుసటి వారం ఆ కాసులన్నీ ఒక ఇత్తడి సామానుల వ్యాపారి తక్కెడలోకి ఎక్కినవి. తూకానికి వచ్చిన సొమ్ము రెండు బస్తాల సిమెంటుకు సరిపోయినది. నేను ఒక్క కాసును మాత్రం దాచుకొని, చింతపండుతో, బూడిదతో తోమి, తళతళ మెరిపించి స్నేహితులకు చూపి మురిసిపోయినాను. దాని మీద కంపెనీవారి వర్తక ముద్ర, వారి కులచిహ్నం, 1794 అన్న అంకె, రూపాయికి నలభై ఎనిమిది అన్న అర్థం గల ఆంగ్లాక్షరాలు ఉన్నవి. విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో గానీ, ఆ వారంలో మేము పోగొట్టుకున్నది ఏమిటో నాకు బోధపడలేదు. ఈ వ్యాసం ఆ బోధ ఫలితం.

ఇంటి మట్టిలో కాసు ఎందుకుంటుంది?

పాత ఇళ్ళ స్థలాలలో దొరికే నాణేలు అక్కడికి మూడు విధాలుగా చేరుతాయి. మొదటిది జారిపోయిన కాసు. అంగడి అరుగు కింద, బావిగట్టు పక్కన, పశువుల సాలలో పడిపోయి, వెదకినా దొరకనిది. ఇటువంటివి సాధారణంగా చిన్న విలువ గలవి, వాడి వాడి అరిగినవి. వెండి రూపాయి జారితే మనిషి దీపం పట్టుకొని వెదుకుతాడు. దమ్మిడీ జారితే నిట్టూర్చి ఊరుకుంటాడు. అందువల్ల జారిన కాసులు ఆ చోటి దైనందిన జీవితాన్ని చెబుతాయి. అక్కడ అమ్మకాలు జరిగేవా, బాటసారులు ఆగేవారా, ఏ రాజ్యపు చిల్లర చెల్లుబాటయ్యేది అన్న సంగతులు వాటి నుండి ఊహించవచ్చు.

రెండవది పెట్టిన కాసు. పునాది వేసేటప్పుడు నవధాన్యాలతో పాటు నాణెం ఉంచే ఆచారం మన దేశంలో అనేక కులాలలో ఉన్నది. గోడ అడుగున అట్లా దొరికిన నాణెం ఆ గోడ వయస్సును గురించి విలువైన సాక్ష్యం ఇస్తుంది. దాని మీది సంవత్సరం కంటే ముందు ఆ గోడ లేచి ఉండదు.

మూడవది దాచిన కాసు. బ్యాంకులు లేని కాలంలో నేలయే ఇనప్పెట్టె. పొయ్యి కింద, గాదె అడుగున, గోడ మూలన ముంత పాతిపెట్టడం సాధారణం. కరువు, దండయాత్ర, దొంగల భయం వచ్చినప్పుడు ఈ అలవాటు మరింత పెరుగుతుంది. 1754లో మరాఠా దండులు భీమునిపట్టణాన్ని దోచుకొనినవి. అటువంటి వార్త చెవిని పడగానే చుట్టుపట్ల గృహస్థులు ఏమి చేసి ఉంటారో ఊహించడం కష్టం కాదు. అయితే ఒక్క మాట గుర్తుంచుకోవలెను. దాచినవాడు తిరిగి వచ్చి ఉంటే ముంత మనకు దొరకదు. దొరికిన ప్రతి ముంత వెనుక తిరిగి రాలేకపోయిన మనిషో, చెప్పకుండానే కన్నుమూసిన మనిషో ఉన్నాడు. మా దాదీ చదువుకోలేదు కాని ఆ సత్యాన్ని ఒక్క మాటలో చెప్పినది.

ఈ సీమలో చెల్లిన కాసులు

మన నేలలో చెల్లిన నాణేల వరుసను స్థూలంగా తెలుసుకొని ఉండడం అవసరం. అన్నిటికంటె పాతవాటిలో సాతవాహనుల సీసపు నాణేలు చెప్పుకోదగినవి. సీసంతో నాణేలు ముద్రించడం ఆంధ్రదేశపు ప్రత్యేకత. తొట్లకొండ తవ్వకాలలో ఈ సీసపు నాణేలతో పాటు రోమక వెండి నాణేలు కూడా లభించినవి. తరువాత కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల బంగారు పణాలు. అరగ్రాము బరువైనా తూగని ఈ చిన్ని నాణేల మీద కూర్చున్న నంది, వెనుక వైపు రాజు పాలనా సంవత్సరపు అంకె కనిపిస్తాయి. కందిగింజంత ఉండే ఈ పణం మట్టిలో పడితే కంటికి ఆనదు.

కుతుబ్‌షాహీలు, మొగలులు వచ్చిన తరువాత నాణెం మీద లిపి మారినది. శ్రీకాకుళం ఒక సర్కారుకు ముఖ్యపట్టణమైనది. పాదుషా పేరు, ముద్రించిన ఊరి పేరు, హిజరీ సంవత్సరం, సింహాసనమెక్కి ఎన్నవ ఏడో తెలిపే జులూస్ సంవత్సరం పారసీక లిపిలో చెక్కడం ఆనవాయితీ అయినది. జర్బ్ అన్న మాటకు ముద్ర కొట్టడమని అర్థం. ఆ మాట పక్కనే టంకశాల ఉన్న ఊరి పేరు ఉంటుంది.

డచ్చివారు తెచ్చిన చిన్న రాగి నాణెం డ్యూట్. 1726 నుండి తూర్పు దేశాల వర్తకం కోసం హాలండులోనే ముద్రించి ఓడలలో పంపినారు. ఒక వైపు వారి కంపెనీ పేరులోని మూడు అక్షరాలను ఒకదానిలో ఒకటి పెనవేసిన ముద్ర, దాని కింద సంవత్సరం, రెండవ వైపు ఆ దేశంలోని ఒక రాష్ట్రపు చిహ్నం ఉంటాయి. తరువాతి వంతు ఆంగ్లేయ కంపెనీది. ఉత్తర సర్కారుల కోసం రూపాయిలో నలభై ఎనిమిదవ వంతు, తొంభై ఆరవ వంతు విలువ గల రాగి కాసులను 1794లోను, 1797లోను ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో ఆవిరి యంత్రాల మీద ముద్రించినారు. ముంతలో నుండి నేను దాచుకున్నది ఈ జాతిదే. 1803లో వచ్చిన ఇరవై కాసుల నాణెం మీద ఒక వైపు ఆంగ్లం, మరొక వైపు పారసీకం ఉన్నవి.

1835లో దేశమంతటికీ ఒకే రకపు రూపాయి వచ్చినది. ఆ రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు, పైసకు మూడు దమ్మిడీలు. 1862 నుండి కంపెనీకి బదులు విక్టోరియా రాణి పేర నాణేలు వెలువడినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి నడుమ రంధ్రం పెట్టిన పైస 1943లో పుట్టినది. మన పెద్దలు చిల్లుకాణీ అన్నది దానినే. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి రూపాయికి నూరు నయాపైసలైనవి.

భాషలో కూడా ఈ కాసులు ముద్ర వేసి పోయినవి. నేడు సొమ్ము అన్న అర్థంలో వాడే డబ్బు అన్న మాట ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. గ్రీకుల ద్రాక్మా సంస్కృతంలో ద్రమ్మమైనది, హిందూస్థానీలో దామ్ అయినది, అరబ్బీలో దిర్హమ్ అయినది. ఉర్దూ విద్యార్థీ, తెలుగు విద్యార్థీ ఒకే బల్ల మీద కూర్చొనే కళాశాలలో ఈ సంగతి ముచ్చటగా చెప్పుకోదగినది.

నాణెం మీది అంకెను నమ్మవచ్చునా?

పారసీక నాణెం మీద కనిపించేది హిజరీ సంవత్సరం. చాంద్రమాన వత్సరం సౌరమాన వత్సరం కంటే సుమారు పదకొండు రోజులు తక్కువ. అందుచేత హిజరీ అంకెలో నుండి దాని ముప్పై మూడవ వంతు తీసివేసి, మిగిలినదానికి 622 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఉదాహరణకు 1218ని తీసుకొనండి. దానిలో ముప్పై మూడవ వంతు సుమారు 37. తీసివేస్తే 1181. దానికి 622 కలిపితే 1803. అరబ్బీ అంకెలు గుర్తుపట్టగల విద్యార్థికి ఇది రెండు నిమిషాల పని.

కాని అంకె చదవగానే పని అయిపోలేదు. కంపెనీవారు మద్రాసు టంకశాలలో ఆర్కాటు రూపాయలను మొగలు పాదుషా రెండవ ఆలంగీరు పేర ముద్రించేవారు. వాటి మీద హిజరీ 1172, జులూస్ 6 అన్న తేదీని అట్లాగే నిలిపివేసినారు. అది క్రీస్తుశకం 1758 ప్రాంతం. ఆ పాదుషా 1759లోనే మరణించినాడు. అయినా అదే పేరుతో, అదే తేదీతో నాణేలు దశాబ్దాల పాటు వెలువడినవి. తేదీ మారితే షరాబులు పాత నాణేనికి వట్టం పట్టే కాలం కాబట్టి, మారని తేదీయే జనానికి నమ్మకం కలిగించినది.

నా 1794 కాసు విషయంలో నేను చేసిన మరొక తప్పు ఇటువంటిదే. పద్మనాభ యుద్ధం జరిగిన సంవత్సరం అదే కదా అని, ఆ యుద్ధభీతితో ఎవరో ముంత పాతిపెట్టి ఉంటారని ఒక కథ అల్లుకున్నాను. ఆలోచిస్తే అది నిలువదు. బర్మింగ్‌హాములో ముద్రపడిన కాసు ఓడ ఎక్కి, ఆఫ్రికా దక్షిణాగ్రం చుట్టి మన తీరం చేరడానికి నెలలు పడుతుంది. చేరిన తరువాత అనేక సంవత్సరాలు చేతులు మారుతుంది. కనుక నాణెం మీది తేదీ “దీనికి ముందు కాదు” అని మాత్రమే చెబుతుంది; “అప్పుడే” అని చెప్పదు. ముంత ఎప్పుడు పాతిపెట్టినారో తెలియాలంటే అందులోని నాణేలన్నిటినీ చూచి, వాటిలో అందరికంటె చిన్నదానిని, అంటే చివర ముద్రపడినదానిని పట్టుకోవలెను. ఆ ముంతలో 1835 నాటి పైస ఉన్నదా? డచ్చి డ్యూట్లు ఉన్నవా? పారసీక లిపి గల కాసులు ఎన్ని? వాటిని లెక్కించినవారు లేరు. తక్కెడ బరువు మాత్రమే చూచినది.

లోహశోధక యంత్రం

ఇటీవలి కాలంలో పాత కాసుల వెదకులాటకు గునపంతో పాటు ఒక యంత్రం తోడైనది. మెటల్ డిటెక్టర్ అని అందరూ అనే లోహశోధక యంత్రం పుట్టుక కాసుల కోసం కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకి గుండు తగిలి మంచం పట్టినప్పుడు, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఆ గుండు శరీరంలో ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడానికి ఇటువంటి సాధనాన్ని ప్రయోగించినాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. 1930 దశకంలో గెర్హార్డ్ ఫిషర్ దానిని చేత పట్టుకొని తిరగగల యంత్రంగా మలచినాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పోలెండు దేశపు సైనికాధికారి కొసాట్స్కి రూపొందించిన యంత్రాలు భూమిలో పాతిన మందుపాతరలను వెదకడానికి ఉపయోగపడినవి. యుద్ధం ముగిసిన తరువాత ఇవి క్రమంగా సామాన్యుల చేతికి వచ్చినవి.

దీని పనితీరు సులభంగా అర్థమయ్యేదే. కర్ర చివర పళ్ళెం వంటి భాగంలో రాగి తీగచుట్ట ఉంటుంది. అందులో దిశ మార్చుకొనే విద్యుత్తు ప్రవహించినప్పుడు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో లోహపు ముక్క ఉంటే దానిలో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడులు తమదైన మరొక బలహీనమైన క్షేత్రాన్ని పుట్టిస్తాయి. దానిని ఇంకొక తీగచుట్ట గ్రహించి ధ్వనిగా వినిపిస్తుంది. రాగి, వెండి, ఇనుము ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా స్పందిస్తాయి కనుక అనుభవజ్ఞుడు ధ్వనిని బట్టి కొంత ఊహించగలడు.

దీని పరిమితులు కూడా తెలుసుకోవలసినవే. ఒంటరి కాసును సాధారణ యంత్రం అడుగు లోతు వరకు కూడా కష్టం మీదనే పసిగడుతుంది. నిలువెత్తు లోతులో నిధిని చూపుతామని చెప్పేవారి మాట నమ్మదగినది కాదు. మేకు, గొలుసు ముక్క, సోడాసీసా మూత కూడా దానికి లోహమే. ఉప్పునీటితో తడిసిన ఇసుక, భీమిలి తీరంలో కనిపించే నల్లని బరువైన ఖనిజపు ఇసుక, ఇనుము పాలెక్కువైన ఎర్రమట్టి దానిని మభ్యపెడతాయి. అన్నిటికంటె ముఖ్యమైన పరిమితి వేరొకటి ఉన్నది. అది లోహాన్ని మాత్రమే చూపుతుంది. పెంకు ముక్కను, బొగ్గును, పూసను, గోడ జాడను చూపదు. కాసుకు అర్థం కల్పించేవి మాత్రం అవే.

నెలవే సగం నాణెం

బజారులో అమ్మే రోమక వెండి నాణెం ఒక వెండి ముక్క. అదే నాణెం తొట్లకొండ ఆరామంలో, సాతవాహనుల సీసపు నాణేల సరసన దొరికితే, భిక్షువుల ఆరామానికీ సముద్ర వ్యాపారానికీ గల సంబంధాన్ని చెప్పే సాక్షి. నాణెం మారలేదు. దాని నెలవు మాత్రమే దానికి మాట ఇచ్చినది.

తెలంగాణలోని కోటిలింగాల సంగతి ఇంకా గొప్పది. గోదావరి ఒడ్డున ఉన్న ఆ గ్రామంలో పైమట్టిలోనే స్థానికులకు పాత నాణేలు దొరికేవి. అవి ఊరి పేరుతో సహా పండితుల దృష్టికి చేరినవి. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిని చదివి ప్రకటించినారు. పురాణాల వల్ల తెలిసిన సాతవాహన మూలపురుషుడు శ్రీముఖుని పేరు నాణెం మీద కనిపించినది. అంతకు ముందు చరిత్రలో వినని గోబద, నారన, సమగోప వంటి పాలకుల పేర్లు కూడా వెలుగులోకి వచ్చినవి. 1979 నుండి 1983 వరకు పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపినది. ఆ కాసులు ఎక్కడివో తెలియకుండా కంసాలి మూసలోకి పోయి ఉంటే, మన చరిత్రలో ఒక ప్రకరణం ఉండేది కాదు.

పరదేశపు ఉదాహరణ ఒకటి చెబుతాను. 1992 నవంబరులో ఇంగ్లండులోని హోక్స్‌న్ గ్రామంలో ఒక రైతు తన సుత్తిని పొలంలో పోగొట్టుకున్నాడు. లోహశోధక యంత్రం గల మిత్రుడు దానిని వెదకడానికి వచ్చి, సుత్తికి బదులు బంగారు, వెండి నాణేలను కనుగొన్నాడు. కొంత తీసిన తరువాత, ఇది తాను తవ్వవలసినది కాదని గ్రహించి, ఆగి, అధికారులకు కబురు చేసినాడు. నిపుణులు వచ్చి దాదాపు 15,000 రోమక నాణేలను, అనేక వెండి వస్తువులను వెలికి తీసినారు. మిత్రుడు ఆగినందువల్ల అవి ఒక కొయ్యపెట్టెలో ఏ అమరికలో ఉన్నవో కూడా తెలిసినది. చివరి నాణేలను బట్టి ఆ పెట్టెను క్రీస్తుశకం 407 తరువాత పాతిపెట్టినారని తేలినది. కనుగొన్నవారికి పదిహేడున్నర లక్షల పౌండ్ల పారితోషికం లభించినది. పోయిన సుత్తి కూడా దొరికినది. అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఆ మనిషి గొప్పతనం తవ్వడంలో లేదు, ఆగడంలో ఉన్నది.

చట్టం ఏమంటున్నది?

దొరికిన సొమ్ము దొరికినవానిదే అన్న మాట లోకంలో ఉన్నది గాని, ధర్మశాస్త్రాలలో లేదు. యజమాని తెలియని సొమ్మును రాజు మూడు సంవత్సరాలు భద్రపరచవలెనని మనుస్మృతి చెబుతున్నది. దొరికిన వస్తువును ఏడాది పాటు చాటి యజమానిని వెదకవలెనని ఇస్లామీయ ధర్మశాస్త్రం చెబుతున్నది.

నేటి మన దేశంలో ఈ విషయమై 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉన్నది. దాని ప్రకారం భూమిలో దాగి ఉండి, పది రూపాయల విలువకు మించినది ఏది దొరికినా, దొరికినవాడు కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలుపవలెను. అది ఏమిటి, ఎంత, ఎక్కడ, ఏ రోజు దొరికినది అన్న నాలుగు సంగతులు అందులో ఉండవలెను. వస్తువును ప్రభుత్వ ఖజానాలో అప్పగించవలెను లేదా అడిగినప్పుడు హాజరుపరుస్తానని హామీ ఇవ్వవలెను. హక్కుదారులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేని పక్షంలో నాలుగింట మూడు వంతులు దొరికినవానికి, ఒక వంతు స్థలం యజమానికి చెందుతుంది. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే లోహపు విలువను, దానిపై అయిదవ వంతును కలిపి చెల్లిస్తుంది. తెలుపకుండా దాచినవాడు తన వాటాను కోల్పోవడమే గాక, ఏడాది వరకు జైలుకు గాని, జరిమానాకు గాని, రెండింటికీ గాని గురి కావచ్చు.

రక్షిత స్థలాల సంగతి ఇంకా కఠినం. 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం అటువంటి చోట్ల అనుమతి లేకుండా తవ్వడం నేరం. కనుక యంత్రం పట్టుకొని తొట్లకొండ ఎక్కడం వినోదం కాదు, నేరానికి తొలిమెట్టు. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన నాణేన్ని పురావస్తువుగా పరిగణిస్తుంది. అటువంటిదానిని సొంతంగా విదేశాలకు పంపడం నిషిద్ధం.

ఇక్కడ ఒక లోపాన్ని దాచకుండా చెప్పవలసి ఉన్నది. రాగి కాసుకు, సీసపు కాసుకు లోహపు విలువ ఏపాటిది? దానికి అయిదవ వంతు కలిపినా నిజాయితీపరునికి దక్కేది చిల్లరే. ఇంగ్లండులో 1996 నాటి చట్టం ప్రకారం నిధికి బజారు విలువ కట్టి పారితోషికం ఇస్తారు. నిధి కిందికి రాని విడి వస్తువులను స్వచ్ఛందంగా నమోదు చేయించుకొనే ఏర్పాటు 1997లో మొదలై, ఇంతవరకు పది లక్షలకు మించిన వస్తువులు దానిలో నమోదైనవి. వస్తువు చాలా వరకు యజమాని వద్దనే ఉంటుంది. దాని వివరం దేశానికి దక్కుతుంది. మన చట్టం కూడా లోహానికి గాక చరిత్రకు విలువ కట్టే రోజు రావలెను. అంతవరకు పౌరుని మనస్సాక్షియే చట్టంలోని ఆ ఖాళీని పూరించవలెను.

మనం చేయదగినది

మీ ఇంట, మీ పొరుగున పునాది తవ్వేటప్పుడు కాసులు బయటపడితే మొదటి పని గునపం ఆపడం. రెండవది, కదిలించక ముందే ఛాయాచిత్రం తీయడం. పక్కన ఒక స్కేలో, అగ్గిపెట్టో ఉంచితే పరిమాణం తెలుస్తుంది. మూడవది, ఒక కాగితం మీద రాసుకోవడం. ఏ ఊరు, ఏ వీధి, ఏ గది, నేల నుండి ఎంత లోతు, బావి నుండి లేదా నిలిచి ఉన్న గోడ నుండి ఎన్ని అడుగులు, చుట్టూ ఏమున్నవి. ముంత పెంకులను పారవేయకూడదు. అవి నాణేల కంటే తక్కువ సాక్షులు కావు.

నాలుగవది, తోమకూడదు. రాగి మీది ఆకుపచ్చ చిలుము శతాబ్దాలుగా ఏర్పడిన పొర. చింతపండు, నిమ్మరసం, బూడిద దానితో పాటు అక్షరాలను కూడా తినివేస్తాయి. నా కాసు మీద కులచిహ్నపు రేఖలు సగం మాసిపోయినది మట్టి వల్ల కాదు, నా చేతి వల్ల. సీసపు నాణేన్ని పులుపు మరింత త్వరగా పాడుచేస్తుంది. పైగా సీసం ఒంటికి మంచిది కాదు. పొడి కాగితంలో చుట్టి, ఒక్కొక్కదానిని వేరుగా ఉంచితే చాలును. అయిదవది, గ్రామ రెవిన్యూ అధికారికి గాని, తహసీల్దారుకు గాని చెప్పి, వారి ద్వారా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయడం. రాతప్రతి ఒకటి మీ వద్ద ఉంచుకోవడం మరువకూడదు.

పాత నాణేలను చూచి నేర్చుకోదలచినవారు యంత్రం కొననక్కరలేదు. విశాఖ సముద్రతీరంలోని పాత డచ్చి బంగళాలో 1991 నుండి విశాఖ మ్యూజియం ఉన్నది. మన ఇళ్ళలోనే పెద్దల పెట్టెలలో చిల్లుకాణీలు, విక్టోరియా పైసలు, తాయెత్తుకు కట్టిన వెండి రూపాయలు ఉన్నవి. వాటిని తీసి, ఏ సంవత్సరానివో చదివి, ఎవరి నుండి ఎవరికి వచ్చినవో దాదీలను, అమ్మమ్మలను అడిగి రాసుకొనండి. ఉర్దూ విభాగపు విద్యార్థి పారసీక అక్షరాలు చదివితే, తెలుగు విభాగపు విద్యార్థి ఆ కథను రాయవచ్చు. భూమిని తవ్వకుండానే చేయగల పరిశోధన ఇది.

నా బల్ల సొరుగులో ఆ 1794 కాసు ఇప్పటికీ ఉన్నది. మా దాదీ వెళ్ళిపోయినది, వంటగది గోడ వెళ్ళిపోయినది. గత సంవత్సరం ఒక రోజు కూర్చొని గుర్తున్నంత మేరకు ఒక కాగితం మీద రాసి ఆ కాసుతో పాటు ఉంచినాను. తగరపువలస, పాత పెంకుటిల్లు, వెనుకటి వంటగది, ఉత్తరపు గోడ కింద, మోకాటి లోతున, నల్లని మట్టి ముంతలో. ఆ తరువాతి పంక్తిలో, మిగిలినవి తూకానికి అమ్మివేసినాము అని రాసినాను. విద్యార్థి మిత్రులారా, మీరు రాసుకొనే కాగితంలో ఆ చివరి పంక్తి ఉండకూడదని నా కోరిక.